పాత ఇంజన్‌కి రెండో జన్మ



ట్రాక్టర్ నీలిరంగు పొగ కొట్టి, ఆయిల్ తాగడం మొదలుపెడితే "ఇంజన్ బోరుకొచ్చింది" అంటాం కదా. లేతు దగ్గర బోరు చేయించి, క్రాంకు గ్రైండింగ్ పట్టించి, ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేయిస్తాం. ఈ పనినే ఫ్యాక్టరీ స్థాయిలో చేసి చూపించిన చరిత్ర ఒకటుంది.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసేసరికి ఫ్రాన్సులో బొగ్గుకీ ఇనుముకీ కటకట. ఆ తర్వాత నాలుగేళ్లకే, 1949లో, రెనో కంపెనీ పారిస్ పక్కనున్న ష్వాజీ-ల-ర్వాలో పాత ఇంజన్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. వచ్చిన ఇంజన్‌ని పూర్తిగా విప్పుతారు, కడుగుతారు, ఒక్కో పార్టూ కొలుస్తారు. బాగున్నది ఉంచుతారు, అరిగినదాన్ని మెషీన్ మీద సైజుకు తెస్తారు, పనికిరానిది మారుస్తారు. మళ్లీ బిగించి, టెస్టు చేసి, గ్యారంటీతో ఇస్తారు. తర్వాత గేర్‌బాక్సులు, ఇంజక్షన్ పంపులు కూడా ఈ దారిలోకే వచ్చాయి.

1973లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ కూడా ఈ పనిలోకి దిగింది. అక్కడి పద్ధతి గమనించండి: బాగుచేసిన పార్టు కొనేటప్పుడు కొంత డిపాజిట్ కట్టాలి, మన పాత పార్టు తిరిగిచ్చాక ఆ డబ్బు వెనక్కి వస్తుంది. అంటే అరిగిన పార్టుకూ విలువ ఉందన్నమాట.

లాభం ఎంత? కొత్తది తయారుచేయడంతో పోలిస్తే ఇంధనం, కరెంటు 80 శాతం, నీరు 88 శాతం, రసాయనాలు 92 శాతం తక్కువ పడతాయని, చెత్త 70 శాతం తగ్గుతుందని రెనో లెక్క. ధర కూడా 30 నుంచి 50 శాతం తక్కువ.

ఎందుకంత తేడా? బ్లాకు పోతపోయాలంటే ఇనుమును 1,200 డిగ్రీలు దాటించి కరిగించాలి. మన బ్లాకులో అరిగేది మాత్రం మిల్లీమీటరులో కొంత భాగమే. ఆ కాస్త అరుగుదలకి మొత్తం బ్లాకును పాతసామాను వాడికి కిలోల లెక్కన వేస్తే, దాన్ని పోతపోయడానికి కాలిన బొగ్గంతా బూడిదలో పోసినట్టే. బాగుచేసే పనిలో ఖర్చు ఎక్కువగా మనిషి చేతిపనికి పోతుంది, అందుకే ఆ కూలి మన టౌన్లోనే మిగులుతుంది.

అయితే లేతు పని అంతా ఒకటి కాదు. బోరు, క్రాంకు ఎంత అరిగాయో కొలతలు రాసిమ్మని అడగండి. హెడ్డుకి, బ్లాకుకి పగుళ్లు చూడమనండి. బిల్లు, గ్యారంటీ తీసుకోండి. ఇవి చూశాకే బాగుచేయించాలా, మార్చాలా అన్నది తేల్చండి.

మీ ఊరి దగ్గర నమ్మకంగా చేసే లేతు ఉంటే కింద రాయండి, నలుగురికీ ఉపయోగపడుతుంది.