అమ్మమ్మ పెంచిన రాజు

పిల్లలను పెంచు భారము తల్లిదండ్రులదే యని లోకము తలచును. కాని మన ఆంధ్రదేశ చరిత్రమున ఒక మహారాజ్యమునకు వారసుని పెంచి యిచ్చినది అమ్మమ్మయే.

కాకతీయ గణపతిదేవునకు పుత్రసంతతి లేనందున కుమార్తెయగు రుద్రమదేవి సింహాసన మధిష్ఠించెను. ఆమెకును కుమారులు లేరు. తన కుమార్తె ముమ్మడమ్మ కన్న ప్రతాపరుద్రుని ఆమె దత్తు గైకొని రాజ్యమునకు వారసుని జేసెను. 1289వ సంవత్సరపు చందుపట్ల శాసనము రుద్రమ మరణమును తెలుపుచున్నది. అటుపిమ్మట ఆ మనుమడు 1323 వరకు ఓరుగల్లు నేలెను.

ఆ యమ్మమ్మకు కోటయు కోశమును గలవు. నేటి అవ్వతాతల కవి లేవు. బిడ్డలు బ్రతుకుదెరువునకై దూరదేశములకు పోగా, లేక అకాలమరణము పాలుగాగా, వృద్ధాప్యపు పింఛనుతో మనుమలకు పుస్తకములు కొనుచున్నవారిని మేమెరుగుదుము. తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల యొద్ద పెరుగు పేదబాలలకు నెలకు 4,000 రూపాయల సహాయమునకు 2022 నాటి మిషన్ వాత్సల్య నియమావళి వీలు కల్పించినది. కాని అర్జీ వ్రాసి, పత్రములు కూర్చి, జిల్లా బాలరక్షణ కార్యాలయమునకు దీసికొనిపోవు తోడు ముసలివారికి కావలెను.

కులసంఘములు పూర్వము విద్యార్థులకు వసతిగృహములు కట్టించినవి. అవ్వ యిల్లును అట్టి వసతిగృహమే. దానిని నిలుపుటయు మన విధియే. ప్రతి గ్రామశాఖయు ఇట్టి కుటుంబముల పట్టిక వ్రాయవలెననియు, దాతలు ఆ బాలుర చదువునకును ఆ వృద్ధుల వైద్యమునకును పూనుకొనవలెననియు ప్రార్థించుచున్నాము.