బండి వెంట నీడ: గోల్కొండ డేరాల నుంచి కారు పందిరి దాకా

దక్కనులో ప్రయాణికుడికి నీడ రెండు చోట్ల అక్కరపడేది: దారిలో, మజిలీలో. దారి నీడ నడిచే వాహనం మీదే ఉండాలి. మజిలీ నీడను ఆగిన చోట నిలబెట్టుకోవాలి. మూడు నాలుగు వందల ఏళ్లపాటు ఈ రెండూ వేర్వేరు వస్తువులు, వాటిని మోసే మనుషులూ వేర్వేరు. జీపు కప్పు అంచుకు బిగించుకుని, ఆగిన చోట పక్క నుంచి వెనక దాకా విసనకర్రలా విప్పుకునే 270 డిగ్రీల ఆనింగ్ ఈ రెంటినీ ఒకే సంచిలోకి తెచ్చింది. దాన్ని కొనేటప్పుడు బరువెంత, గాలికి నిలుస్తుందా, వేయడానికి ఎందరు కావాలి, పొద్దు తిరిగితే ఎలా అని అడుగుతారు. గోల్కొండకు పడమటి దారుల మీద ఈ ప్రశ్నలు చాలా పాతవి.

దొంతన్‌పల్లి ఆ పడమటి నేల మీదే ఉంది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని ఈ ఊరికి ఒక పక్క శంకర్‌పల్లి, మరో పక్క మొయినాబాద్, చేవెళ్ల. తూర్పున గండిపేట చెరువు, దాని ఆవల గోల్కొండ కోట. పడమట మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు. చేవెళ్ల మీదుగా పోయే దారి బీజాపూర్‌కు చేరుతుంది. ఎండాకాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉన్నట్టుండి దుమ్ముతో ఈదురుగాలి లేచి, వెంటనే వాన పడుతుంది. నల్లరేగడి ఎండితే నెర్రెలు బాస్తుంది, తడిస్తే మేకును పట్టి ఉంచదు. ఈ ప్రాంతంలో ఏ పందిరికైనా అసలు పరీక్ష మధ్యాహ్నపు ఎండ కాదు, ఆ సాయంత్రపు గాలి.

17వ శతాబ్దంలో గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి జాన్ బాప్టిస్ట్ టావెర్నియే ఈ దేశపు ప్రయాణ సాధనాలను శ్రద్ధగా రాసిపెట్టాడు. సూరత్ నుంచి గోల్కొండకు ఇద్దరు కూర్చునే తేలికపాటి ఎడ్లబండి రోజు కిరాయికి దొరికేది. గోల్కొండ దాటి మచిలీపట్నం వైపు మళ్లితే బండ్లు అరుదు. కొండలు, చెరువులు, వాగులు, ఇరుకు కనుమలు అడ్డం. వజ్రాల గనులకు తాను తీసుకుపోయిన చిన్న బండిని చెడ్డ చోట్ల ఊడదీసి మోయించాల్సి వచ్చిందని ఆయన రాశాడు. కన్యాకుమారి వైపు పోయేవారికి ఎద్దులు, గుర్రాలు, లేదంటే పల్లకీయే గతి.

ఆ పల్లకీ వర్ణనలోనే నేటి ఆనింగ్‌కు పూర్వరూపం కనిపిస్తుంది. వంచిన వెదురు బొంగు మీద పట్టు గుడ్డ కప్పు ఉండేది. ఎండ ఒక పక్క నుంచి కొడితే పక్కన నడిచే నౌకరు ఆ వైపు గుడ్డను కిందికి దించేవాడు. మరొకడు కర్ర చివర గుడ్డ చుట్టిన అల్లిక పళ్లెం పట్టుకుని, పొద్దు తిరిగి లోపలి మనిషి ముఖం మీద పడినప్పుడల్లా దాన్ని అడ్డం పెట్టేవాడు. అంటే ఒక్క మనిషి నీడలో ప్రయాణించాలంటే బోయీలు కాక మరో ఇద్దరు ఎండలో నడవాలి. పొద్దును అనుసరించి నీడను తిప్పాలన్న ఆలోచన అప్పటికే పూర్తిగా ఉంది. దాన్ని తిప్పేది మాత్రం మనిషి చెయ్యి.

మజిలీ నీడను తారస్థాయికి తీసుకుపోయినవారు మొగలులు. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీ ప్రకారం పాదుషా విడిదిని ఒక్కసారి తరలించడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది కూలీలు కావాలి. డేరాల జట్లు రెండు ఉండేవి. పాదుషా ఒకదానిలో ఉండగానే రెండోది ముందు మజిలీకి పోయి సిద్ధమయ్యేది. 1664లో ఔరంగజేబు కశ్మీరు ప్రయాణానికి వెంట వెళ్లిన వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే ఈ ముందు జట్టుకే 60కి పైగా ఏనుగులు, 200 ఒంటెలు, 100 కంచర గాడిదలు, 100 మంది కూలీలు ఉన్నారని లెక్కగట్టాడు. దర్బారు డేరాకు బయట ఎర్ర గుడ్డ, లోపల మచిలీపట్నం కలంకారీ అస్తరు. ఆ పూలు ఎంత సహజంగా ఉన్నాయంటే తోట మధ్య కూర్చున్నట్టు తోచిందని ఆయన మెచ్చుకున్నాడు. తెలుగు తీరపు అద్దకందారుల పనితనం ఢిల్లీ, లాహోరు దారుల్లో పాదుషా తలమీద నీడగా నిలిచిందన్నమాట.

అంతటి విడిది కూడా గోల్కొండ ముందు చిక్కుల్లో పడింది. 1687 ఆరంభంలో ఔరంగజేబు కోటను ముట్టడించాడు. సెప్టెంబరులో గానీ అది చేతికి రాలేదు. నడుమ వానాకాలం వచ్చిపడింది. మంజీర పొంగి సరఫరా దారులు తెగాయి, శిబిరంలో తిండి కరువై జబ్బులు ప్రబలాయి. ఎండను ఎంత అందంగానైనా ఆపగల గుడ్డ, నెలల తరబడి కురిసే వానకూ కింద నిలిచే బురదకూ చాలదని ఆ ముట్టడి చూపింది. డేరా పైకప్పు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా అది నిలిచే నేల మీద పెట్టడం శిబిరాలు వేసేవారు ఎప్పుడూ ఆలస్యంగానే నేర్చుకుంటారు.

ఆ సైన్యాలకు ధాన్యం చేర్చినవారు లంబాడీలు. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం పెరికెలు వేసుకుని తండాలుగా కదిలే వీరికి ఏనుగులూ లేవు, డేరాలు వేసే ఫరాషులూ లేరు. మజిలీ చేరాక దించిన పెరికెలనే గోడలా పేర్చి పైన గుడ్డ కప్పుకునేవారు. సరుకే గోడ, సరుకే బరువు. గాలికి ఎగిరిపోకుండా మేకులతో పని లేదు. దక్కను నేలకు సరిపడ్డ శిబిరం ఏదని అడిగితే పాదుషా ఎర్ర డేరా కంటే ఈ పెరికెల గూడునే ముందు చెప్పాలి.

ఊళ్లలో దారి నీడ అంటే కచ్చురం. సవారీ కోసం కట్టిన ఈ గూడు బండి మీద వెదురు బద్దలను వంచి, వాటిపై ఈతచాపో తడకో కప్పేవారు. ఆడవాళ్లు ఎక్కితే ముందూ వెనకా పరదా కట్టేవారు. జాతరకు పోయినప్పుడు ఎడ్లను విప్పి, నొగ కింద ఊతకర్ర పెట్టి, బండి అంచు నుంచి దగ్గరి చెట్టుకు దుప్పటి లాగి కట్టుకుంటే మజిలీ నీడ తయారు. వాన వస్తే గొంగడి. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేయించి చింతగింజల గంజి పెట్టిన గొంగడి బిరుసుగా ఉండి నీటిని తొందరగా లోపలికి రానివ్వదు. అదే పరుపు, అదే కప్పు, తలమీదికి మడిస్తే గొడుగు. బరువు మాత్రం ఎక్కువ, తడిస్తే మరీ ఎక్కువ. ఈ లోపం గుడ్డ ఆనింగ్‌లకూ వారసత్వంగా వచ్చింది.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలోనే ప్రయాణించాడు. వెంట బోయీలు, డేరాలు, పెద్ద పరివారం. హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ మీదుగా సాగిన ఆ యాత్ర 1831లో ముగిసింది. ఎక్కడ బస దొరుకుతుంది, ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ డేరా తప్పదు అన్నవి ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీవారీగా కనిపిస్తాయి. తెలుగులో శిబిర ప్రయాణానికి అంతకంటే నమ్మకమైన చేతిపుస్తకం ఆ కాలంలో లేదు.

నిజాం రాజ్యంలో డేరా అధికారానికి గుర్తయింది. తాలూక్‌దారు, తహసీల్దారు దౌరాకు వస్తే ఊరు బండ్లు కట్టాలి, సామాను మోయాలి, డేరాలు పాతాలి, నీళ్లూ గడ్డీ కట్టెలూ తేవాలి. ఇదంతా వెట్టి. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ దగ్గర పులివేటకు వచ్చినప్పుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రాల్లో ఆ శిబిరాల దర్జా నిలిచి ఉంది. దర్జాను మోసిన భుజాలు ఆ చిత్రాల్లో అంచున నిలబడి ఉంటాయి, లేదా ఉండవు. వెట్టిచాకిరి రద్దు 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభల ముఖ్యమైన కోరికల్లో ఒకటి. ఊరూరా తిరిగే అధికారి డేరా ఆ కోరికకు ఒక కారణం. నీడను ఎవరు మోస్తారన్న ప్రశ్న రాజకీయ ప్రశ్నగా మారిన చోటు ఇదే.

ఈలోగా దారులే మారిపోయాయి. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు 1874లో రైలు నడిచింది. శంకర్‌పల్లి ఆ దారిలోని స్టేషను. గోల్కొండ పడమటి ఊళ్ల బండ్లు దూరప్రయాణం మాని, స్టేషను దాకా సరుకు తోలే పనిలో పడ్డాయి. 1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. గంటల్లో ఊరు చేరే ప్రయాణికుడికి మజిలీయే అక్కర్లేదు, ఇక మజిలీ నీడ మాటెందుకు? కచ్చురాలు పెళ్లిళ్లకూ జాతరలకూ మిగిలాయి.

నిలిచిపోయిన నీడ మర్రిచెట్లది. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న మర్రులు కాలినడకవారికీ బండ్లవారికీ డేరా అక్కర్లేకుండా చేశాయి. ఎవరూ మోయనక్కర్లేని, విప్పనక్కర్లేని పందిరి. 46 కిలోమీటర్ల ఈ రోడ్డును నాలుగు వరుసలుగా వెడల్పు చేయాలన్నప్పుడు సుమారు 900 మర్రిచెట్ల సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

రెండో ప్రపంచయుద్ధం తరవాత దారి నీడ మళ్లీ గుడ్డ రూపంలో వచ్చింది. యుద్ధంలో పుట్టిన విల్లీస్ జీపును మహీంద్రా సంస్థ 1940ల చివర బొంబాయిలో బిగించి అమ్మసాగింది. ఇనుప కడ్డీల మీద కాన్వాసు కప్పు, పక్కలకు చుట్టి కట్టుకునే పరదాలు. చూపుకు ఇంచుమించు కచ్చురమే. లారీలతో టార్పాలిన్ వచ్చింది. ఆ పట్టాలు వడ్లు ఆరబోయడానికీ, పందిళ్లకూ, బండి పక్కన నీడకూ పనికొచ్చాయి. లారీ అంచు నుంచి రెండు కర్రల మీదికి పట్టా లాగి దాని కింద వంట చేసుకునే డ్రైవరుకు ఆనింగ్ అన్న మాట అక్కర్లేకపోయింది.

అదే పనిని సరుకుగా మార్చినవారు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా వాళ్లు. రోజుల తరబడి ఊరు తగలని దారుల్లో తిరిగే అక్కడి ప్రయాణికులు మొదట కారు కప్పు పక్కన చుట్టి ఉంచి లాగుకునే దీర్ఘచతురస్రపు ఆనింగ్ వాడారు. అది ఒక పక్కకే నీడ. దక్షిణాఫ్రికా ఈజీ-ఆన్ వారి బ్యాట్, ఆస్ట్రేలియాలో పేరుబడ్డ ఫాక్స్‌వింగ్ వంటివి ఒకే మూల చుట్టూ తిరిగే చేతులతో పక్కనూ వెనకనూ కలిపి కప్పాయి. టావెర్నియే చూసిన నౌకరు పని ఇక్కడ ఆ మూలనున్న కీలుకు దక్కింది. వంటసామాను వెనక తలుపులో, కుర్చీలు పక్కన. పొద్దు ఎటు తిరిగినా ఒక మూల నీడ ఉంటుంది.

ఇప్పుడు దొంతన్‌పల్లి వైపు నుంచి అనంతగిరికో, కోటిపల్లి జలాశయానికో వారాంతంలో పోయే బండ్ల మీద ఇవి కనిపిస్తున్నాయి. ఎంపికలో మొదట చూడవలసింది కప్పు మోయగల బరువు. 270 డిగ్రీల ఆనింగ్‌లు సాధారణంగా 20 నుంచి 30 కిలోలు తూగుతాయి. సుజుకి జిమ్నీ కప్పు పరిమితే 30 కిలోలు, అందులో అడ్డపట్టీల బరువూ కలిసే ఉంటుంది. అలాంటి బండికి పక్కకు మాత్రమే లాగుకునే తేలిక రకమే తగినది. మొత్తం బరువు ఒకే పక్క వేలాడుతుంది గనుక పట్టీలు గట్టివై ఉండాలి, బిగింపు కనీసం మూడు చోట్ల ఉండాలి.

తరవాత పక్క. మన రోడ్లపై బండి ఎడమ అంచున ఆగుతుంది కాబట్టి ఎడమ పక్క బిగించేదే కొనాలి. కుడి పక్కది విప్పితే పందిరి రోడ్డు మీదికి వస్తుంది. వెనక తలుపు పైకి లేచే బండ్లలో అది గుడ్డకు తగలకుండా ఎత్తు చూసుకోవాలి. జిమ్నీ వంటి బండ్లలో పక్కకు తెరుచుకునే తలుపులకు ఆ చిక్కు తక్కువ. గుడ్డ విషయంలో నూలు కలిసిన కాన్వాసు చల్లగా ఉంటుంది, గాలికి తక్కువ చప్పుడు చేస్తుంది. కానీ బరువు, తడిగా చుడితే బూజు. పూత పూసిన పాలిస్టరు తేలిక, త్వరగా ఆరుతుంది, ఎండకు పూత ముందుగా పోతుంది. వానాకాలంలో కూడా తిరిగేవారికి పాలిస్టరే నయం.

కాళ్లు లేకుండా నిలిచే రకాలు ఒక్కరే నిమిషాల్లో విప్పవచ్చు, అమ్మకాల్లో వాటి గొప్పా అదే. ఇక్కడి మే నెల సాయంత్రాలకు ఆ గొప్ప చాలదు. కాళ్లు దించి, తాళ్లు లాగి కట్టే ఏర్పాటు లేని ఆనింగ్ కొనకూడదు. మేకులు పొడవైనవి ఉండాలి. నల్లరేగడిలో అవీ పట్టకపోతే తాళ్లను రాళ్లకో, నీళ్ల డబ్బాలకో కట్టాలి. మబ్బు పట్టగానే వాన కోసం ఆగకుండా చుట్టేయాలి.