వహీదా రెహమాన్: పేరు మార్చుకోనన్న అమ్మాయి, ఫాల్కే దాకా వచ్చిన నటి

వహీదా రెహమాన్ (జననం: 3 ఫిబ్రవరి 1938) తెలుగు సినిమాతో తెరకు పరిచయమై హిందీ సినిమాలో అగ్రనటిగా నిలిచిన దక్కనీ ముస్లిం కుటుంబపు ఆడబిడ్డ. 'ప్యాసా', 'చౌద్వీ కా చాంద్', 'గైడ్', 'తీస్రీ కసమ్', 'ఖామోషీ' వంటి సినిమాలతో ఆమె పేరు ముడిపడి ఉంది. జాతీయ ఉత్తమ నటి అవార్డు, పద్మశ్రీ, పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

అందం గురించి, నాట్యం గురించి చాలామంది రాశారు. మన ఇళ్లలో తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకొకటి ఉంది. తండ్రి లేని పదిహేడేళ్ల అమ్మాయి, బొంబాయిలో పెద్ద నిర్మాత ఆఫీసులో కూర్చుని, తన పేరు మార్చడానికి వీల్లేదని, ఇష్టం లేని బట్టలు వేసుకోనని చెప్పింది. రెండో మాటను కాంట్రాక్టులో రాయించుకుంది కూడా. గొడవ చేయకుండా, ఎవరినీ తిట్టకుండా ఆ పద్ధతిలోనే అరవై ఏళ్లకు పైగా పనిచేశారు.

పుట్టుక, కుటుంబం

వహీదా హైదరాబాద్‌లో పుట్టారని చాలా చోట్ల రాస్తుంటారు. అది సరి కాదు. ఆమె పుట్టింది తమిళనాడులోని చెంగల్పట్టులో. ఈ మాట ఆమే స్వయంగా చెప్పారు. తండ్రి మహమ్మద్ అబ్దుర్ రెహమాన్ ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వ అధికారి. తల్లి ముంతాజ్ బేగం. నలుగురు అక్కాచెల్లెళ్లలో వహీదాయే చిన్న. తండ్రి బదిలీల వల్ల ఊళ్లు మారుతూ పెరిగారు. విశాఖపట్నంలో సెయింట్ జోసెఫ్ కాన్వెంట్‌లో చదివారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, తమిళం. మనలో చాలామంది పెరిగే తీరు ఇదే.

చిన్నప్పుడు డాక్టర్ కావాలని ఉండేదని ఆమె చెప్పుకున్నారు. అనారోగ్యంతో చదువు సరిగ్గా సాగలేదు. మరోవైపు భరతనాట్యం మీద మనసు పడింది. ముస్లిం ఇంటి ఆడపిల్లకు డాన్సు ఏంటని బంధువులు అడిగారు. ఏ కళా చెడ్డది కాదని, మనిషి నడవడికను బట్టే దానికి పేరు వస్తుందని తండ్రి వాళ్లకు సమాధానం చెప్పేవారట.

మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకోవాలనుకున్నారు. ముస్లిం అమ్మాయి అని ఆయన మొదట ఒప్పుకోలేదు. ఈమె పట్టు వదలకపోతే జాతకం తెమ్మన్నారు. మన ఇళ్లలో జాతకాలు ఎక్కడుంటాయి? చివరికి పుట్టిన తేదీ అడిగి ఆయనే జాతకం వేసుకుని శిష్యురాలిగా తీసుకున్నారు. ఈ సంగతి వహీదా 2014లో వచ్చిన నస్రీన్ మున్నీ కబీర్ సంభాషణల పుస్తకంలో చెప్పారు.

వహీదా ఇంకా చిన్నపిల్లగా ఉండగానే తండ్రి చనిపోయారు. ఇల్లు గడవడం కష్టమైంది. అప్పటికే అక్క సయీదాతో కలిసి వేదికల మీద నాట్యం చేస్తున్న వహీదాకు ఆ సమయంలోనే సినిమా అవకాశం వచ్చింది.

తెలుగు తెర మీద

1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో 'రోజులు మారాయి' విడుదలైంది. హీరో అక్కినేని నాగేశ్వరరావు, హీరోయిన్ షావుకారు జానకి. ఆ సినిమాలో వహీదాది ఒక్క పాట. కొసరాజు రాసి, మాస్టర్ వేణు స్వరపరచి, జిక్కి పాడిన ఏరువాక పాట. ఆ ఒక్క పాటే ఆమెను ఊరూరా తెలిసేలా చేసింది. ఆ బాణీని తర్వాత ఎస్.డి.బర్మన్ 'బంబై కా బాబు' (1960) సినిమాలో వాడారంటే దాని పలుకుబడి అర్థం చేసుకోవచ్చు.

అదే ఏడాది ఎన్.టి.రామారావు 'జయసింహ'లో ఆయన సరసన నటించారు. తమిళంలో 'కాలం మారిప్పోచ్చు', ఎంజీఆర్ 'ఆలీబాబావుం నార్పదు తిరుడర్గళుం' (రెండూ 1956) సినిమాల్లోనూ కనిపించారు. అంటే బొంబాయికి వెళ్లేనాటికి ఆమె కొత్త మనిషి కాదు. దక్షిణాదిలో జనం గుర్తుపట్టే నాట్యకారిణి.

హైదరాబాద్‌లో గురుదత్

దర్శకుడు గురుదత్ 'మిస్సమ్మ' చూసి, హిందీలో తీయవచ్చా అని తేల్చుకోవడానికి కారులో హైదరాబాద్ వచ్చారు. దారిలో కారు ఒక గేదెను ఢీకొనడంతో బండి బాగయ్యేదాకా ఊళ్లో ఆగాల్సి వచ్చింది. ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుని ఉండగా, బయట ఒక కారు చుట్టూ జనం మూగడం చూశారు. 'రోజులు మారాయి'లో డాన్సు చేసిన అమ్మాయి అని చెప్పారు. పేరు వహీదా రెహమాన్, ఉర్దూ బాగా మాట్లాడుతుంది అన్నారు. గురుదత్ పిలిపించి కాసేపు మాట్లాడారు. పెద్దగా ఏమీ అడగలేదు. కొన్ని నెలల తర్వాత బొంబాయి నుంచి కబురు వచ్చింది.

పేరు, దుస్తులు, సంతకం

బొంబాయి ఆఫీసులో గురుదత్‌తో పాటు 'సీ.ఐ.డీ.' దర్శకుడు రాజ్ ఖోస్లా ఉన్నారు. వహీదా రెహమాన్ అనే పేరు చాలా పొడుగ్గా ఉందని, మార్చాలని ఖోస్లా అన్నారు. అది ఆ రోజుల్లో మామూలు మాటే. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు. మహజబీన్ మీనా కుమారి అయ్యారు. ముంతాజ్ జహాన్ మధుబాల అయ్యారు. వాళ్లందరూ మార్చుకున్నారు కదా అని ఆమెకూ చెప్పారు. నా తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇది, నాకు నచ్చింది, మార్చుకోను అని వహీదా అన్నారు. పెద్ద స్టార్లు చేశారు కాబట్టి నేనూ చేయాలనే వాదన ఆమె ఒప్పుకోలేదు. కొద్ది రోజులు ఆలోచించుకుని వాళ్లే దిగివచ్చారు.

తర్వాత కాంట్రాక్టు. మూడేళ్ల ఒప్పందం. వహీదాకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి సంతకం చేయాలి. సంతకానికి ముందు వహీదా ఒక షరతు పెట్టారు. తనకు నచ్చని దుస్తులు వేసుకోను, ఆ మాట కాంట్రాక్టులో రాయాలి. అలాంటి సినిమాలు మేము తీయం అని గురుదత్ అన్నారు. అయినా సరే, రాయమన్నారు. రాశారు.

ఇది చిన్న విషయం కాదు. నోటి మాటకు, రాతకు తేడా సెట్ మీదికి వెళ్లాక తెలుస్తుంది. లైట్లు పెట్టి, యాభై మంది ఎదురుచూస్తూ ఉంటే, కొత్త నటి 'ఈ బ్లౌజు వేసుకోను' అంటే ఎవరు వింటారు? నచ్చజెప్పి, బెదిరించి వేయిస్తారు. అదే కాగితం మీద ఉంటే అది బతిమాలడం కాదు, హక్కు. తర్వాతి సినిమాల్లో దుస్తుల విషయంలో ఖోస్లాతో పేచీలు వచ్చినప్పుడు ఆమె మాట నెగ్గించుకున్నారు. ఆ పేచీల తర్వాత కూడా ఆమెకు సినిమాలు తగ్గలేదు.

గురుదత్ సినిమాలు

'సీ.ఐ.డీ.' (1956)లో దేవానంద్ హీరో. వహీదాది రెండో పాత్ర. మరుసటి ఏడు 'ప్యాసా' (1957)లో గులాబో పాత్ర వచ్చింది. లోకం వెలివేసిన స్త్రీ, కవి విలువ తెలిసిన మనిషి. 'కాగజ్ కే ఫూల్' (1959) మన దేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం. అప్పుడు ఆడలేదు. ఆ దెబ్బతో గురుదత్ దర్శకుడిగా మళ్లీ తన పేరు వేసుకోలేదు. ఎం.సాదిక్ దర్శకత్వంలో లక్నో ముస్లిం కుటుంబాల నేపథ్యంలో వచ్చిన 'చౌద్వీ కా చాంద్' (1960) మాత్రం బాగా ఆడింది. అందులో జమీలా పాత్రను మన పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' (1962)లో ఛోటీ బహూ పాత్ర చేయాలని ఆమెకు ఉండేది. వయసు సరిపోదని ఆ పాత్ర మీనా కుమారికి వెళ్లింది. వహీదా చిన్నదైన జబా పాత్ర చేశారు. ఆ తర్వాత గురుదత్‌తో కలిసి పనిచేయలేదు. 1964లో ఆయన చనిపోయాక పత్రికలు ఎన్నో రాశాయి. తన సొంత జీవితం గురించి బయటివాళ్లకు చెప్పాల్సిన పని లేదన్నదే ఆమె తీరు. ఈనాటికీ అదే మాట మీద ఉన్నారు.

'గైడ్' రోజీ

ఆర్.కె.నారాయణ్ నవల ఆధారంగా విజయ్ ఆనంద్ తీసిన 'గైడ్' (1965) ఆమె కెరీర్‌లో పెద్ద మలుపు. రోజీ దేవదాసి కూతురు. నాట్యం అంటే ప్రాణం. నాట్యాన్నీ, భార్యనూ పట్టించుకోని భర్తను వదిలి వచ్చేస్తుంది. ఇంకో మగవాడి సాయంతో పేరు తెచ్చుకుంటుంది, అతను మోసం చేస్తే అతనికీ దూరమవుతుంది. హీరోయిన్ అంటే భర్త పాదాల దగ్గరే ఉండాలి అనుకునే రోజుల్లో ఇది ప్రమాదకరమైన పాత్ర. చేస్తే నీ కెరీర్ పోతుందని చాలామంది హెచ్చరించారు. ఆమె చేశారు. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 'నీల్ కమల్' (1968)కు రెండోసారి అందుకున్నారు.

ఇక్కడ ఒకటి గమనించాలి. బట్టల దగ్గర అంత గట్టిగా ఉన్న మనిషి, పాత్రల దగ్గర మాత్రం 'మంచి అమ్మాయి' వేషాలకే పరిమితం కాలేదు. గులాబో, రోజీ, 'తీస్రీ కసమ్' (1966)లో నౌటంకీ నటి హీరాబాయి, సత్యజిత్ రాయ్ బెంగాలీ చిత్రం 'అభిజాన్' (1962)లో గులాబీ. అందరూ సమాజం వేలెత్తి చూపే ఆడవాళ్లే. వాళ్లను గౌరవంగా నిలబెట్టడమే ఆమె ఎంచుకున్న పని.

'తీస్రీ కసమ్' కవి శైలేంద్ర నిర్మించిన చిత్రం. విడుదలైనప్పుడు ఆడలేదు కానీ జాతీయ ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. 'ఖామోషీ' (1969)లో రోగులకు ప్రేమ పంచి తానే కుంగిపోయే నర్సు రాధ. ఆ కథనే తెలుగులో 'చివరకు మిగిలేది' (1960)గా సావిత్రి చేశారు. దిలీప్ కుమార్‌తో చేసిన 'రామ్ ఔర్ శ్యామ్' (1967) మన 'రాముడు భీముడు'కు హిందీ రూపం. దర్శకుడు మళ్లీ తాపీ చాణక్యే. సునీల్ దత్ 'రేష్మా ఔర్ షేరా' (1971)కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

పెళ్లి, రెండో దశ

1973లో 'ఫాగున్'లో జయా భాదురికి తల్లిగా నటించారు. ఇంకా హీరోయిన్‌గా చేస్తున్న వయసులో తల్లి వేషం ఎందుకని చాలామంది వారించారు. ఆ తర్వాత హీరోయిన్ పాత్రలు తగ్గిన మాట నిజమే.

1974లో 'షగూన్' (1964) సహనటుడు శశి రేఖీని పెళ్లి చేసుకున్నారు. ఆయన తెర పేరు కమల్‌జీత్. బెంగళూరు దగ్గర పొలంలో ఇల్లు కట్టుకుని ఇద్దరు పిల్లల్ని పెంచారు. నడుమ నడుమ నచ్చిన సినిమాలు చేశారు. 'కభీ కభీ' (1976)లో అమితాబ్ బచ్చన్‌కు భార్య, రెండేళ్లకే 'త్రిశూల్' (1978)లో ఆయనకే తల్లి. 'నమ్కీన్' (1982), 'మషాల్' (1984), 'చాందినీ' (1989), 'లమ్హే' (1991) ఈ దశలోవే. 2000లో భర్త చనిపోయాక మళ్లీ ముంబై వచ్చి 'రంగ్ దే బసంతీ' (2006), 'ఢిల్లీ 6' (2009) చేశారు. పెద్ద వయసులో అడవి జంతువుల ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు.

తెలుగును పూర్తిగా వదల్లేదు. ఆదుర్తి సుబ్బారావు 'బంగారు కలలు' (1974), కృష్ణ 'సింహాసనం' (1986), 'చుక్కల్లో చంద్రుడు' (2006) సినిమాల్లో కనిపించారు.

పురస్కారాలు

పద్మశ్రీ (1972), పద్మభూషణ్ (2011), ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ జాతీయ పురస్కారం (2006 సంవత్సరానికి) అందుకున్నారు. 2021 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని 2023 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అక్టోబర్ 17న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఢిల్లీలో అందజేశారు. ఆ రోజు వేదిక మీద చదివిన పేరు, ఒకప్పుడు పొడుగు ఎక్కువైంది మార్చుకో అన్న ఆ పేరే.

కొత్తగా చూడాలనుకునేవారికి

ఇంట్లో పిల్లలతో కలిసి చూడాలంటే 'రోజులు మారాయి', 'రామ్ ఔర్ శ్యామ్'తో మొదలుపెట్టండి. ఉర్దూ మాటలు, లక్నో అదబ్ ఇష్టమైనవాళ్లకు 'చౌద్వీ కా చాంద్'. నటన చూడాలంటే 'ఖామోషీ', 'తీస్రీ కసమ్'. 'గైడ్' కాస్త ఎదిగిన పిల్లలతో కూర్చుని చూసి, రోజీ చేసింది తప్పా ఒప్పా అని తర్వాత మాట్లాడుకోవాల్సిన సినిమా. ఇంట్లో అందరూ ఒక్క మాట మీదికి రాకపోవచ్చు. ఫరవాలేదు.