మూడు బొమ్మలు, నిలిచిన ఒక్క పేరు

విశాఖ తీరంలో వలకు పడే వంజరం, కోనాం, కానాగంత ఒకే కుటుంబం చేపలు. శాస్త్రంలో ఆ కుటుంబం పేరు స్కాంబ్రిడే. ట్యూనాలు కూడా ఇందులోవే. మొత్తం 15 ప్రజాతులు, 50కి పైగా జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం వేగంగా ఈది వేటాడేవి. తోకకు ముందు, పైనా కిందా వరసగా ఉండే చిన్న చిన్న రెక్కలను బట్టి వీటిని పోల్చుకోవచ్చు.

వంజరం అనే మాట వాడుకలో చాలా చేపలకు చెల్లుతుంది. ఇక్కడ చెబుతున్నది ఒంటి మీద గుండ్రటి చుక్కలుండే రకం. దాని శాస్త్రీయ నామం స్కాంబరోమోరస్ గుట్టేటస్. కోనాంది స్కాంబరోమోరస్ కామర్సన్. కానాగంతది రాస్ట్రెల్లిజర్ కనగుర్త. మూడింటిలో కానాగంత ఒక్కదానికే మన తీరంలోని వాడుక పేరు దక్కింది. కారణం వెతుకుతూ వెళితే దారి 1803 నాటి లండన్ పుస్తకం దగ్గరికి చేరింది.

ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఒక స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖలో చేపలు సేకరించి బొమ్మలు వేయించాడు. రెండు వందల చేపల బొమ్మలతో, వర్ణనలతో ఆ పుస్తకం రెండు సంపుటాలుగా వచ్చింది. ఇక్కడి జనం చెప్పిన పేర్లనే ఆయన ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించాడు. 134వ బొమ్మ వంజరం. 135 కోనాం. 136 కానాగంత. పక్కపక్కనే ఉన్న మూడింటికీ తెలుగు పేర్లే. అంటే ముగ్గురూ ఒకే చోట బయల్దేరారు. ఒక్కరే గమ్యం చేరారు.

మొదట వచ్చే అనుమానం బొమ్మల మీద. వంజరం, కోనాం బొమ్మలు సరిగా లేక తర్వాతివారు ఆ చేపలను గుర్తుపట్టలేకపోయారేమో. ఇది నిలవదు. అదే 1803లో లండన్‌లోనే వెలువడిన మరో జంతుశాస్త్ర గ్రంథం ఈ రెండింటికీ లాటిన్ పేర్లు పెట్టింది: వంజరానికి స్కాంబర్ లియోపార్డస్, కోనాంకు స్కాంబర్ మాక్యులోసస్. 1851లో ఇండోనేషియా దీవుల చేపల మీద రాసిన ఒక డచ్చి శాస్త్రవేత్త ఏకంగా సైబియం కోనం అన్న పేరే వాడాడు. కాబట్టి కోనాం లాటిన్ నామంగా మారింది, అచ్చులోకి వచ్చింది, అయినా నిలవలేదు. చిక్కు బొమ్మల్లో లేదు.

నియమం చూస్తే దారి కనిపిస్తుంది. జంతువులకు పేరు పెట్టే లెక్క 1758 నుంచి మొదలవుతుంది. రెండు మాటల లాటిన్ నామంతో ముందుగా అచ్చయిన పేరే చెల్లుతుంది. 135వ బొమ్మ పక్కనున్న ఒంటరి తెలుగు మాట ఆ లెక్కలోకి రాదు. కోనాం లెక్కలోకి వచ్చింది 1851లోనే. పారిస్‌లో ఒక చేపల గ్రంథం 1800లోనే అదే చేపకు స్కాంబర్ కామర్సన్ అని పేరు పెట్టేసింది. మాక్యులోసస్ కూడా ఆ పేరు ముందు నిలవలేదు.

ఆ 1800 పేరుకు ఆధారం ఒక ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడి చిత్రం. ఆయన 1773లోనే మారిషస్‌లో చనిపోయాడు. ఆయన చిత్రాలు, రాతప్రతులు పారిస్ చేరాయి. చిత్రాల వయసు లెక్కించినా విశాఖ బొమ్మే వెనకబడుతుంది. కానీ నియమానికి చిత్రం వయసుతో పని లేదు. అచ్చు తేదీయే ప్రమాణం.

వంజరం సంగతి ఇంకా తేలిక. తరంగంబాడి నుంచి వెళ్లిన చేపను చూసి బెర్లిన్‌లో 1801లోనే గుట్టేటస్ అన్నారు.

ఇక కానాగంత. దాని నామం చివర కొన్ని పుస్తకాలు 1816 అని, కొన్ని 1817 అని వేస్తాయి. రెండూ ఒకే ఫ్రెంచి గ్రంథానివి. ముఖపత్రం మీద 1817 ఉంది, గ్రంథం మాత్రం 1816 చివరలోనే బయటికొచ్చింది. రాసినాయన విశాఖ చూడలేదు. 136వ బొమ్మను ఆధారం చేసుకుని స్కాంబర్ కనగుర్త అని పేరు పెట్టాడు. పదమూడేళ్లు ఆలస్యమైనా నష్టం రాలేదు. ఈ చేపకు అంతకుముందు చెల్లే లాటిన్ పేరు లేదు.

ఒక పోటీదారు మాత్రం ఉన్నాడు. 1836లో ఎర్ర సముద్రం చేపకు స్కాంబర్ మైక్రోలెపిడోటస్ అన్న పేరు వచ్చింది. 1870లలో భారతదేశపు చేపల మీద వచ్చిన పెద్ద గ్రంథం మన కానాగంతను ఆ పేరు కిందే చేర్చింది. పేరున్న గ్రంథం కాబట్టి ఇక్కడ తడబడటం సులభం. అది వేరే చేపేమోనని ఆలోచించాలి. కానీ ఇప్పటి వర్గీకరణలో రెండూ ఒకే జాతి. అప్పుడు 1816 ముందు 1836 నిలవదు.

నామంలో ఇంకో గుర్తు మిగిలింది. పేరు పెట్టినాయన పేరును బ్రాకెట్లలో వేస్తారు. అంటే చేప తర్వాత వేరే ప్రజాతికి మారిందన్నమాట. ఎందుకు మారిందో చేపను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. కానాగంత నోరు తెరిచి చూస్తే మొప్ప వంపు లోపలి అంచున పొడవాటి సన్నటి ముళ్లు దువ్వెన పళ్లలా వరసగా కనిపిస్తాయి. మొదటి వంపు కింది భాగంలోనే 30కి తగ్గవు. కోనాం మొదటి వంపు మొత్తం వెతికినా ఎనిమిదికి మించవు. కోనాం చేపలను తరిమి పట్టి తింటుంది. కానాగంత నీళ్లలోని సన్నటి ప్రాణులను ఈ ముళ్లతో వడగట్టుకుంటుంది. మొదట చేర్చిన స్కాంబర్ ప్రజాతి చేపలకు అంగిట్లో పళ్లుంటాయి, కానాగంతకు ఉండవు. 1908లో ఈ తరహా చేపలకు రాస్ట్రెల్లిజర్ అనే ప్రజాతిని ఏర్పరిచారు. ఇప్పుడు అందులో మూడు జాతులు. మూడోదానికి పేరొచ్చింది 1967లో. రెండోదైన బ్రాకిసోమా ఒళ్లు కానాగంత కంటే కాస్త వెడల్పు. దాని పేగు ఒంటి పొడవుకు మూడు రెట్లు దాటుతుంది. కానాగంత పేగు రెండు రెట్లు కూడా ఉండదు.

కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారమైన చేపను సీసాలో భద్రపరచడం ఆనవాయితీ. కానాగంతకు అలాంటి సీసా ఎక్కడా లేదు. ఆ పేరు ఏ చేపదో చూపించేది 136వ బొమ్మ, దాని పక్కనున్న వర్ణన. చేపల జాబితాల్లో ఈ జాతి మూలస్థలం గడిలో ఇప్పటికీ విశాఖపట్నం అనే ఉంటుంది.