మిలటరీ లారీని ఏ వెర్షన్‌కి తిప్పాలి?

దిల్‌సుఖ్‌నగర్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి హాస్టళ్ళూ, కోచింగ్ సెంటర్లూ గుర్తొస్తాయి. అక్కణ్ణుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే, వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ వస్తుంది. మొన్నో ఆదివారం కారు పని మీద వెళ్తే, ఓ షెడ్డు వెనక తుప్పు పట్టిన శక్తిమాన్ లారీ కనిపించింది. ఎవరో ముచ్చటపడి కొనుక్కుని "ఒరిజినల్‌గా చెయ్యండి" అన్నారట. మెకానిక్ తల గోక్కుంటున్నాడు. "ఒరిజినల్ అంటే ఏది సార్? ఇంజను లేలాండ్‌ది, గేర్‌బాక్స్ ఇంకో బండిది, బాడీ మూడోసారి కట్టింది."

నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

శక్తిమాన్ జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో తయారైన బండి. కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉండగా, 1950ల చివర్లో జబల్‌పూర్‌లో మొదలుపెట్టి 1996 దాకా తయారుచేశారు. 1965, 1971 యుద్ధాల్లో సైన్యాన్ని మోసింది ఇదే. అవసరమైతే ముందు చక్రాలకీ ఇంజను శక్తి అందుతుంది. అందుకే సైన్యం వేలం వేశాక కూడా, రోడ్డు లేని చోట దుంగలు మొయ్యడానికి జనం ఎగబడి కొన్నారు.

ఈ వేలం కథ ఇంకా పాతది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్క కెనడాయే 8 లక్షలకు పైగా మిలటరీ బళ్ళు తయారుచేసింది. వాటిలో చాలా ఫోర్డులూ, షెవర్లేలూ మన దేశానికీ వచ్చాయి. 1945 తర్వాత వాటిని మిగులు సరుకుగా అమ్మేస్తే "డిస్పోజల్ లారీలు" అయ్యాయి. చెక్క బాడీ కట్టించుకుని, ధాన్యం బస్తాలు ఎక్కించుకుని ఊళ్ళ మీద పడ్డాయి.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఫోర్డు 1953లో, జనరల్ మోటార్స్ 1954లో ఇక్కడి ఫ్యాక్టరీలు మూసేశాయి. స్పేర్ పార్టులు ఎక్కణ్ణుంచి తేవాలి? లేత్ మిషన్ల మీద మనవాళ్ళే తయారుచేసుకున్నారు. పెట్రోలు ఖర్చు భరించలేక, పాత ఇంజను దింపి పెర్కిన్స్ డీజిలు ఇంజను ఎక్కించారు (మద్రాసులో సింప్సన్ వాళ్ళు తయారుచేసేవాళ్ళు). డాక్యుమెంటేషన్ లేదు, వెండర్ సపోర్ట్ లేదు. ప్రొడక్షన్ మాత్రం ఆగకూడదు! మనకి బాగా తెలిసిన పరిస్థితే కదా :)

ఇప్పుడు 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు చూడండి. బండికి 50 ఏళ్ళు దాటాలి, సొంత వాడకానిదై ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఈ నిబంధనకీ కారణం ఉంది. లేకపోతే పాత డొక్కులో కొత్త ఇంజను పెట్టి, అదే వింటేజ్ అనేవాళ్ళు బయల్దేరతారు. కానీ దీని ఫలితం ఏమిటంటే, గ్యారేజీలో గుడ్డ కప్పుకుని కూర్చున్న రాజావారి కారు చరిత్ర అవుతుంది. బతకడం కోసం మారుతూ వచ్చిన లారీ కాదు. మారకపోతే అది 1960ల్లోనే తూకానికి పోయేది!

నా మటుకు నాకు, ఆ మార్పులే దాని అసలు చరిత్ర అనిపిస్తుంది. ఫ్యాక్టరీలో పుట్టిన రోజుకి రోల్‌బ్యాక్ చేస్తే, మధ్యలో పనిచేసిన వాళ్ళందరి కమిట్లూ చెరిపేసినట్టే. వాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు. వాళ్ళు వేసిన వెల్డింగే వాళ్ళ సంతకం.

అలాగని తుప్పు పట్టనివ్వమని కాదు. బ్రేకులు, స్టీరింగు కొత్తవి వెయ్యాల్సిందే. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫోటో తియ్యాలి. ఏది ఏ బండిదో మెకానిక్‌నే అడిగి రాసుకోవాలి. దింపిన ఇంజనుని స్క్రాప్‌కి పంపకుండా దాచాలి.

వచ్చేముందు మెకానిక్ తలుపు మీద రంగు గీకి చూపించాడు. పైన ఎరుపు, కింద పసుపు, దాని కింద మిలటరీ పచ్చ. మొత్తం గీకేసి మళ్ళీ పచ్చరంగు కొట్టమన్నారట.

"తలుపు లోపలి వైపు ఒక జానెడు ఇలాగే వదిలెయ్యమని ఓనర్‌కి చెప్పి చూడండి" అన్నాను.

"చెప్తా సార్. ఆ పసుపు మా నాన్న కొట్టిందే" అన్నాడు.