ఇంటర్నెట్ రేడియోలలో వైర్‌లెస్ అంతరాయము

ఇంటర్నెట్ రేడియో అనగా కంప్యూటరుతో పని లేకుండా ఇంటిలోని వైఫై ద్వారా ఇంటర్నెట్ ప్రసారాలను అందుకొని వినిపించే యంత్రము. 2000 దశకములో తయారైన ఇటువంటి రేడియోలలో అధిక భాగం 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో మాత్రమే పనిచేస్తాయి. అదే పట్టీని ఇతర పరికరాలు కూడా వాడుకోవడం వలన పాట మధ్యలో తెగిపోవడాన్ని వైర్‌లెస్ అంతరాయము అంటారు. పాట ఆగగానే రేడియో చెడిపోయిందని భావించడం పరిపాటి. కాని చాలాసార్లు లోపము రేడియోలో కాక దాని పరిసరాలలో ఉంటుంది.

పాట ఆగే విధానము

మీడియం వేవ్ ప్రసారానికి అంతరాయము కలిగితే గరగర శబ్దము వస్తుంది, పాట మాత్రం సాగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్ రేడియోలో గరగర ఉండదు. ఇందులో శబ్దము ప్యాకెట్లుగా విడివడి వస్తుంది. దారిలో చెడిన ప్యాకెట్టును రౌటరు మళ్ళీ పంపవలసి ఉంటుంది. ఈ ఆలస్యము శ్రోతకు తెలియకుండా ఉండటానికి రేడియో కొన్ని సెకన్ల ప్రసారాన్ని ముందుగానే బఫరులో నిల్వ చేసుకుంటుంది. సెకనుకు 128 కిలోబిట్ల ప్రసారమైతే 10 సెకన్ల నిల్వకు 160 కిలోబైట్ల జ్ఞాపకము కావాలి. ఆ నిల్వ పూర్తిగా అయిపోయినప్పుడే నిశ్శబ్దము ఏర్పడుతుంది. అంతరాయము మొదలైన కొంతసేపటికి గాని పాట ఆగదు కనుక అసలు కారణాన్ని గుర్తించడం కష్టమవుతుంది.

దీనికి ఇంటర్నెట్ వేగము చాలకపోవడం కారణమనుకోవడం సాధారణంగా పొరపాటు. 1999 నాటి 802.11బి ప్రమాణము గరిష్ఠ వేగము సెకనుకు 11 మెగాబిట్లు, అనగా పై ప్రసారానికి కావలసిన దానికి సుమారు 85 రెట్లు. ఆచరణలో అందులో సగమే లభించినా పాటకు కొదవ లేదు. ఎక్కువ వేగము గల కనెక్షను తీసుకున్నా పాట తెగుతూనే ఉండటానికి ఇదే కారణము.

అంతరాయ కారకాలు

భారతదేశములో 2400 నుండి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో స్వల్పశక్తి పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించినది. లైసెన్సు అక్కరలేని చోట రద్దీ సహజము.

వీటిలో మైక్రోవేవ్ ఓవెన్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఇది సుమారు 2450 మెగాహెర్ట్జ్ వద్ద వందల వాట్ల శక్తితో పనిచేస్తుంది. వైఫై శక్తి వాటులో పదవ వంతు ప్రాంతములో ఉంటుంది కాబట్టి, ఓవెన్ తలుపు సందులనుండి అనుమతించిన పరిమితిలోపల వెలువడే స్వల్ప తరంగాలు కూడా దగ్గరలోని రేడియోకు ఆటంకమే. ట్రాన్స్‌ఫార్మరు గల సాధారణ ఓవెన్ 50 హెర్ట్జ్ విద్యుత్తులో ప్రతి 20 మిల్లీసెకన్లకు సుమారు సగకాలమే తరంగాలను వెలువరిస్తుంది. మిగిలిన 10 మిల్లీసెకన్ల విరామములో ప్యాకెట్లు దాటిపోవచ్చు. 1500 బైట్ల ప్యాకెట్టుకు 11 మెగాబిట్ల వేగములో ఒక మిల్లీసెకను పైచిలుకు చాలు. కాని సంకేతము బలహీనపడినప్పుడు పాత పరికరాలు 1 మెగాబిట్టుకు దిగిపోతాయి. అప్పుడు అదే ప్యాకెట్టుకు 12 మిల్లీసెకన్లు కావాలి, విరామములో అది పట్టదు. ఒకే గదిలో ఫోను బాగానే పనిచేస్తూ పాత రేడియో మాత్రం మూగబోవడానికి ఇదొక కారణము.

అపార్టుమెంట్లలో పొరుగువారి రౌటర్లు మరొక కారణము. ఛానళ్ళ మధ్య ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కొక్క సంకేతము వెడల్పు సుమారు 20. అందువలన 1, 6, 11 ఛానళ్ళు మాత్రమే ఒకదానిపై ఒకటి పడకుండా ఉంటాయి. ఒకే ఛానల్లోని రౌటర్లు వంతులవారీగా మాట్లాడుకుంటాయి. మధ్యలోని 3వ ఛానల్ ఎంచుకుంటే అటూ ఇటూ ఉన్నవారికి అది అర్థము కాని రొద మాత్రమే.

అమెరికాలో వాడిన 2.4 గిగాహెర్ట్జ్ కార్డ్‌లెస్ ఫోన్లు కూడా అంతరాయము కలిగించేవి. ఐరోపా డెక్ట్ ఫోన్లు 1880–1900 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి కనుక వాటితో ఈ బెడద లేదు. రౌటరుకు తగిలించిన యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు తీగ కూడా ఈ పట్టీలో రొద పుట్టించగలదు.

అంతరాయముగా పొరబడేవి

ఒక స్టేషను మాత్రమే ఆగిపోతుంటే లోపము ఆ స్టేషనుదై ఉండవచ్చు. అన్ని స్టేషన్లూ కొన్ని వేళలలోనే ఆగుతుంటే అంతరాయాన్ని అనుమానించాలి. స్టేషన్ల జాబితాయే తెరుచుకోకపోతే దానిని అందించే సేవ మూతపడి ఉండవచ్చు. రెసివా సేవ 2021లోను, స్క్వీజ్‌బాక్సుల మైస్క్వీజ్‌బాక్స్ సేవ 2024లోను నిలిచిపోయినవి. రౌటరును ఎక్కడికి మార్చినా ఇవి తిరిగి రావు. అయితే స్క్వీజ్‌బాక్సును ఇంటి కంప్యూటరులో నడిచే లిరియన్ మ్యూజిక్ సర్వరుతో వాడుకోవచ్చు.

అమెరికా విపణికి తయారైన రేడియోలకు 12, 13 ఛానళ్ళు కనిపించవు. కొత్త రౌటరులో డబ్ల్యూపీఏ3 భద్రత మాత్రమే ఉంచినా పాత రేడియో అనుసంధానము కాదు.

నివారణ

రౌటరును ఇనుప బీరువా పక్కనుండి, రేడియోను ఓవెన్ దగ్గరనుండి జరపడం మొదటి పని. తరువాత రౌటరు ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి 1, 6, 11లలో రద్దీ తక్కువగా ఉన్నదానిని ఎంచుకోవాలి. ఫోన్లను, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి 2.4ను రేడియోకు వదిలివేయడం తరచుగా అన్నిటికంటే మంచి ఫలితమిస్తుంది. రేడియోకు ఈథర్నెట్ సాకెట్టు ఉంటే తీగ కలపడం ఉత్తమము. డబ్ల్యూఈపీ భద్రత మాత్రమే తెలిసిన రేడియోలకు కూడా ఇదే మార్గము. ఆ పద్ధతిలోని బలహీనత 2001లోనే బయటపడినది కనుక ఒక్క రేడియో కోసం ఇంటి నెట్‌వర్కు మొత్తాన్ని ఆ స్థాయికి దించడం తగదు.