గుంటూరు గ్రహణం, పొయ్యి మీద ఉప్పు



1868 ఆగస్టు 18, మంగళవారం ఉదయం. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన కృష్ణా, గుంటూరు సీమల మీదుగా సాగింది. దాని కోసమే ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. హయ్యరు అయ్యగారు 1842లో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఊరే అది. మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో కూర్చున్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి గారు వనపర్తికి వెళ్లారు.

చీకటి నిలిచింది ఐదారు నిమిషాలే. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలల వెలుగును జాన్సెన్ పట్టకం గుండా విడదీసి చూశాడు. మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి మండే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా చూడవచ్చని ఆయనకు తోచింది. మర్నాడే చూశాడు కూడా. ఇంగ్లండులో లాకియర్ అదే పని అక్టోబరు 20న విడిగా చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయట!

ఇక వంటింట్లోకి రండి. ఉప్పు వేసిన పప్పు పొంగి స్టవ్ మీద పడితే నీలి మంట పసుపుగా మారుతుంది కదా. అది ఉప్పులోని సోడియం. సూర్యునిలోనూ ఒక పసుపు గీత కనిపించింది. సోడియమే అనుకున్నవారున్నారు. కాని అది ఉప్పు గీతకు దగ్గరగా ఉందే తప్ప అదే చోట లేదు. భూమి మీద ఎవరూ ఎరగని మూలకం అన్నది లాకియర్. దానికి హీలియం అని పేరు. 1895లో రామ్సే దాన్ని భూమి మీది ఒక ఖనిజంలో పట్టుకునేదాకా చాలామంది నమ్మలేదు. "హీలియం మన గుంటూరులోనే పుట్టింది" అనడం కొంచెం ఎక్కువే గాని, ఆ కథలో మన ఊరికి వాటా ఉంది. ఇవాళ ఎమ్మారై యంత్రాల్లో అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ఆ హీలియమే.

ఇదంతా ఎందుకంటే, గ్రహణం వస్తుందంటే గవర్నర్‌పేటలోని మన విశ్వాసుల ఇళ్లలో కూడా పొయ్యి ఆర్పేస్తున్నారు. కడుపుతో ఉన్న కోడల్ని పస్తు పెడుతున్నారు. ఆదికాండము మొదటి అధ్యాయం సూర్యుణ్ణి పేరు పెట్టి కూడా పిలవదు, నాలుగవ దినమున దేవుడు వెలిగించిన దీపంగా చెబుతుంది. దీపానికి ఏదైనా అడ్డు వస్తే నీడ పడుతుంది. నీడకు అన్నం విషమవదు.

పొరుగువారి ఆచారాన్ని మాత్రం ఎగతాళి చేయకండి. రఘునాథాచారి గారు హిందువే. పంచాంగ లెక్కలు సరిచేయాలని పాటుపడ్డారు, 1874 శుక్ర గ్రహణం గురించి జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు.

సూర్యుణ్ణి వట్టి కళ్లతో చూడకూడదన్న జాగ్రత్త నిజమైనదే, అది పాటించండి. గర్భిణులు, షుగరు మందులు వేసుకునేవారు ఆ రోజు కూడా వేళకు వేడిగా తినండి. ఇక పచ్చడి జాడీలో దర్భ అక్కరలేదమ్మా. దాన్ని పాడుకాకుండా చూసేది మీరు వేసిన ఉప్పూ నూనే.